ప్రశ్నలు - జవాబులు: వోల్టేజీ పడిపోతే వాట్లు ఏమవుతాయి?

ఈసారి ఉత్తరాలన్నీ ఒడిశా వైపు నుంచే వచ్చాయి. రాయగడ, గుణుపూర్, కాశీనగర్, బరంపురం, జయపురం, పర్లాకిమిడి. అడిగిన తీరు వేరు గానీ చాలామంది బాధ ఒకటే: గుణకారం, భాగహారం వచ్చు, సూత్రం తెలుసు, అయినా లెక్కలో వచ్చింది మీటరులో కనబడటం లేదు. అందుకని అన్నిటినీ ఒకచోటే తీసుకుంటున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి ఒడియా మీడియంలో పదో తరగతి. వోల్టేజీ, కరెంటు ఇచ్చి నిరోధం ఎంత, పవర్ ఎంత అని లెక్కలు ఇస్తున్నారు. నాకు అర్థమయ్యేలా చెబితే ఇంట్లో తెలుగులో నేనే చెప్పుకుంటాను. ఇంకొకటి, చలికాలం పొద్దున్నే నీళ్లు కాచుకోవడానికి 1500 వాట్ల రాడ్డు పెడతాం. మా వీధిలో ఆ టైముకి వోల్టేజీ 170కి పడిపోతుంది. నీళ్లు తొందరగా కాగవు సరే, బిల్లయినా తగ్గుతుందా?
(ఒక తండ్రి, రాయగడ)

జవాబు: అన్నా, పాప లెక్కకీ మీ రాడ్డుకీ కావలసినవి అవే రెండు సూత్రాలు, కాబట్టి రాడ్డుతోనే చెప్పండి. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం వస్తుంది, ఓమ్‌లలో. వోల్టేజీని కరెంటుతో గుణిస్తే పవర్ వస్తుంది, వాట్లలో. మొదటిది జర్మనీకి చెందిన గేయోర్గ్ ఓమ్ 1827లో అచ్చువేసిన పుస్తకంలోది, ఆ కొలతకి ఆయన పేరే పెట్టారు. మిగతా సూత్రాలన్నీ ఈ రెండింటినీ అటూ ఇటూ తిప్పితే వచ్చేవే, వాటిని పాప చేత విడిగా బట్టీ పట్టించకండి.

రాడ్డు మీద 1500 వాట్లు, 230 వోల్టులు అని రాసి ఉంటుంది. 1500ని 230తో భాగిస్తే సుమారు 6.5 ఆంపియర్లు. 230ని మళ్లీ ఆ ఆంపియర్లతో భాగిస్తే 35 ఓమ్‌ల చిల్లర. ఇక్కడ ఆగి పాపని ఒక మాట అడగండి, వోల్టేజీ 170కి పడిపోయినప్పుడు ఈ వాట్లు, ఆంపియర్లు, ఓమ్‌లు మూడింట్లో ఏది మారకుండా ఉంటుంది అని. చాలామంది పిల్లలు వాట్లు అంటారు, రాడ్డు మీద అచ్చువేసి ఉంది కదా అని. కానీ ఆ 1500 అనేది 230 వోల్టులు వచ్చినప్పటి మాట మాత్రమే. రాడ్డు లోపల ఉన్నది నైక్రోమ్ తీగ, అది వేడెక్కినా దాని నిరోధం పెద్దగా మారదు. కాబట్టి నిలకడగా ఉండేది ఆ 35 ఓమ్‌లే. నా మట్టుకు ఈ అధ్యాయం మొత్తంలో పిల్లలకి నేర్పాల్సింది ఈ ప్రశ్న అడగటమే. ఏది మారదో తేల్చుకోకుండా లెక్కలోకి దిగితే, జవాబు వస్తుంది గానీ అది ఏ వస్తువుకీ పనికిరాదు.

ఇప్పుడు 170ని 35.3తో భాగించండి, 4.8 ఆంపియర్లు. 170ని 4.8తో గుణించండి, 820 వాట్ల దగ్గర. వోల్టేజీ తగ్గింది నాలుగో వంతే, పవర్ మాత్రం దాదాపు సగమైపోయింది. వోల్టేజీతో పాటు కరెంటు కూడా తగ్గింది, తగ్గిన రెండింటినీ గుణిస్తున్నాం, అందుకని.

ఇక బిల్లు సంగతి. ఇరవై లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకి కాగాలంటే సుమారు 0.7 యూనిట్ కావాలి. నీళ్లు అడిగేది అంతే, దాన్ని ఎంతసేపట్లో ఇచ్చామన్నది వాటికి అక్కర్లేదు. పూర్తి వోల్టేజీ ఉంటే 28 నిమిషాల్లో కాగుతాయి, 170 ఉంటే 51 నిమిషాలు పడుతుంది, యూనిట్లు మాత్రం అవే. నిజానికి కాస్త ఎక్కువే అవుతాయి, ఆ అదనపు సేపంతా బకెట్టులో వేడి బయట చలిగాలికి పోతూనే ఉంటుంది కాబట్టి. లో వోల్టేజీ వల్ల రాడ్డుతో మీకు మిగిలేది పైసా లేదు.

రాడ్డు గురించి అడిగారు కాబట్టి ప్లగ్గు కూడా ఒకసారి చూసుకోండి. 6.5 ఆంపియర్లంటే చిన్న సాకెట్టు పని కాదు, అది 6 ఆంపియర్లదే. పెద్దది, 16 ఆంపియర్లది కావాలి. కన్వర్టర్ పెట్టి చిన్న సాకెట్టులో గుచ్చేవాళ్ల ఇళ్లలో ప్లగ్గు తీసి చూడండి, ఒక పిన్ను నల్లగా మాడి ఉంటుంది, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్కు పసుపు తిరిగి కొంచెం కుంగి ఉంటుంది. అక్కడ పట్టు వదులై అర ఓమ్ నిరోధం వచ్చిందనుకోండి. అక్కడ పడే వోల్టేజీ అంటే కరెంటుని ఆ నిరోధంతో గుణించినదే, పవర్ కోసం దాన్ని మళ్లీ కరెంటుతో గుణించాలి, కాబట్టి 6.5ని 6.5తో గుణించి, దాన్ని అరతో గుణిస్తే 21 వాట్లు. నీళ్లలో 21 వాట్లు లెక్కలోకి రాదు, బఠాణీ గింజంత చోట 21 వాట్లు అంటే ప్లాస్టిక్కు కరగడానికి చాలు. రాడ్డు ఆన్‌లో ఉండగా నీళ్లలో వేలు పెట్టి చూడటం మానేయమని ఇంట్లో అందరికీ చెప్పండి. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్లు ముట్టుకోవాలి.

ప్రశ్న: సార్, నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదువుతున్నాను. 100 వాట్ల మామూలు బల్బుకి లెక్క కడితే 529 ఓమ్‌లు వచ్చింది. మల్టీమీటర్ పెట్టి చూస్తే 38 చూపిస్తోంది. ఎన్నిసార్లు చూసినా అంతే. మీటరు పోయిందా, నా లెక్క తప్పా?
(గుణుపూర్ విద్యార్థి)

జవాబు: తమ్ముడూ, మీటరు బాగానే ఉంది, లెక్కా కరెక్టే. నువ్వు చల్లగా ఉన్న బల్బుని కొలిచావు, వెలుగుతున్న బల్బుకి లెక్క కట్టావు, తేడా అక్కడుంది. వెలిగేటప్పుడు టంగ్‌స్టన్ ఫిలమెంటు 2500 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, ఆ వేడికి దాని నిరోధం పద్నాలుగు రెట్ల దాకా పెరుగుతుంది. ఓమ్ సూత్రం చెప్పేటప్పుడు ఉష్ణోగ్రత మారకుండా ఉంటే అని ఒక షరతు పెడతారు కదా, పరీక్షలో అందరూ రాస్తారు, ఎవరూ పట్టించుకోరు. ఆ షరతు ఎందుకో నీ చేతిలో ఉన్న బల్బే చూపిస్తోంది.

స్విచ్ వేసిన మొదటి క్షణంలో ఉన్నది 38 ఓమ్‌లే కాబట్టి 230ని 38తో భాగించి చూడు, 6 ఆంపియర్లు! నిలకడగా వెలిగేటప్పుడు లాగేది అర ఆంపియర్ కూడా కాదు, 0.43 మాత్రమే. పాత బల్బులు ఎక్కువగా స్విచ్ వేసిన క్షణంలోనే టప్పున పోయేది ఇందుకే. ఇంకో సంగతి, ఇదే బల్బుకి 170 వోల్టులు ఇస్తే రాడ్డుకి కట్టినట్టు లెక్క కట్టకూడదు. వోల్టేజీ తగ్గితే ఫిలమెంటు కూడా చల్లబడుతుంది, నిరోధం తగ్గుతుంది, అందుకని పవర్ సగానికి పడిపోదు, 60 వాట్లకి కొంచెం పైనే ఉంటుంది. వెలుతురు మాత్రం దారుణంగా, మూడో వంతు దగ్గరికి పడిపోతుంది. వాట్లు ఖర్చవుతున్నాయి, చదువుకోవడానికి వెలుగు లేదు, లో వోల్టేజీ ఉన్న ఊళ్లలో పిల్లలు పడిన పాట్లు ఇవే.

ఎల్ఈడీ బల్బులు వచ్చాక పాత బల్బు ఎందుకు దాచుకుంటారో మీ ఇన్‌స్ట్రక్టర్‌ని అడుగు, సిరీస్ బోర్డు చూపిస్తారు. రిపేరు చేసిన మిక్సీనో ఇస్త్రీపెట్టెనో నేరుగా లైనుకి పెట్టకుండా మధ్యలో 100 వాట్ల బల్బు పెడతాం. లోపల షార్టు ఉందనుకో, 230 వోల్టులూ బల్బు మీదే పడతాయి, బల్బు నిండుగా వెలుగుతుంది, లైన్లో 0.43 ఆంపియర్లు మించి పోదు. మిక్సీ మాడదు, ఫ్యూజు పోదు, నీ చెయ్యి కాలదు. షార్టు లేకపోతే బల్బు అంత నిండుగా వెలగదు. అక్కడ ఎల్ఈడీ పెడితే పని జరగదు, దాని లోపల ఉండే డ్రైవర్ సర్క్యూట్ ఓమ్ సూత్రం ప్రకారం నడుచుకోదు. ట్రేడ్‌లో ఉంటావు కాబట్టి ఒక సిరీస్ బోర్డు సొంతంగా చేసుకో, ఇప్పుడే.

ప్రశ్న: వంశధార ఒడ్డున మాకు కూరగాయల మడి ఉంది. ఇంటి మీటరు దగ్గర నుంచి నుయ్యి వంద మీటర్లు ఉంటుంది. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు. వైండింగ్ మళ్లీ మళ్లీ కాలిపోతోంది. మెకానిక్‌ని అడిగితే లో వోల్టేజీ అంటాడు. లైన్‌మన్ వచ్చి మీటరు పెడితే స్టార్టర్ దగ్గర 215 వోల్టులు ఉంది, బాగానే ఉందన్నాడు. ఎవరి మాట నిజం? ఇంకొకటి, వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా తగ్గాలి కదా, మరి మోటారు ఎందుకు కాలుతుంది? మా అబ్బాయి మల్టీమీటర్‌తో చూస్తే వైండింగ్ 4 ఓమ్‌లే ఉంది. వాడి లెక్క ప్రకారం 57 ఆంపియర్లు పోవాలట.
(ఒక రైతు, కాశీనగర్ దగ్గర)

జవాబు: అన్నగారూ, ముందు మీ అబ్బాయిని మెచ్చుకోండి, అడగాల్సిన ప్రశ్న అడిగాడు. 230ని 4తో భాగిస్తే 57 ఆంపియర్లు రావాల్సిందే, వైండింగ్ ఉత్త రాగి తీగే అయితే. కానీ అది ఇనప రేకుల మీద చుట్టిన తీగ, ఏసీ కరెంటుని దాని అయస్కాంత గుణమే చాలావరకు అడ్డుకుంటుంది. పైగా మోటారు తిరుగుతూ ఉంటే లోపల ఎదురు వోల్టేజీ పుడుతుంది, అది వచ్చే కరెంటుని వెనక్కి నెడుతుంది. అందుకే తిరుగుతున్న మోటారు 6 ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. ఆగిన మోటారులో ఆ ఎదురు వోల్టేజీ ఉండదు, కాబట్టి స్టార్టు అయ్యేటప్పుడు, లేదా బురద పట్టి ఇరుక్కుపోయినప్పుడు కరెంటు ఐదారు రెట్లు లాగుతుంది. అలా ఇరుక్కున్న మోటారుకి కరెంటు ఇస్తూనే ఉంటే నిమిషాల్లో వైండింగ్ వాసన వస్తుంది.

లో వోల్టేజీలో కరెంటు పెరగడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. రాడ్డులో మారనిది నిరోధం. మోటారులో దాదాపు మారనిది అది మోస్తున్న పని. నూతిలోంచి అంత ఎత్తుకి అన్ని నీళ్లు తోడాలి, వోల్టేజీ తగ్గినా ఆ బరువు తగ్గదు. వోల్టేజీ తక్కువైతే ఆ పని చేయడానికి కరెంటు ఎక్కువ లాగుతుంది. 6 ఆంపియర్ల చోట 8 లాగిందనుకోండి, వైండింగ్‌లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది, అంటే 36 ఉన్న చోట 64. కరెంటు మూడో వంతు పెరిగితే వేడి దాదాపు ఎనభై శాతం పెరిగింది. తీగ మీది వార్నిష్ పూత ఎన్నాళ్లు తట్టుకుంటుంది?

ఇప్పుడు లైన్‌మన్ మాట. ఆయన చూసిన 215 నిజమే, కానీ మోటారు ఆగి ఉన్నప్పుడు చూశారా, తిరుగుతున్నప్పుడు చూశారా? ఆగి ఉంటే తీగలో కరెంటు లేదు, కరెంటు లేకపోతే తీగలో వోల్టేజీ పడిపోవడం ఉండదు, వంద మీటర్లు కాదు కిలోమీటరు లాగినా మీటరు అంతే చూపిస్తుంది. మోటారు నడుస్తూ నీళ్లు పోస్తున్నప్పుడు, అదీ మోటారు దగ్గర కొలవాలి.

మీ ఉత్తరంలో వైరు ఏ సైజో రాయలేదు. చాలామంది ఇళ్లలో మిగిలిన ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం రాగి వైరే లాగేస్తారు, దానితో లెక్క కడతాను. ఆ వైరుకి కిలోమీటరుకి సుమారు 12 ఓమ్‌లు. వంద మీటర్లంటే వెళ్లే తీగ, వచ్చే తీగ కలిపి రెండు వందలు, చాలామంది ఈ రెట్టింపు మర్చిపోతారు. నిరోధం 2.4 ఓమ్‌లు. మోటారు 8 ఆంపియర్లు లాగితే తీగలోనే 19 వోల్టులు పోతాయి. వీధి లైన్లోనే 190 ఉన్న సాయంత్రం మోటారుకి అందేది 171. స్టార్టు అయ్యేటప్పుడు 30 ఆంపియర్లు లాగబోతే పోయేది 72 వోల్టులు, ఇక ఏం స్టార్టవుతుంది, ఊఁ అని మూలుగుతూ నిలబడి కాలుతుంది. మీ మోటారు అలా మూలుగుతుందేమో గమనించండి. కెపాసిటర్ బలహీనపడినా అదే మూలుగు వస్తుంది కాబట్టి దాన్ని కూడా మార్చి చూడండి, ఖర్చు తక్కువ.

అదే 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు అయితే మొత్తం నిరోధం ఓమ్‌కి లోపే, 8 ఆంపియర్లకి 7 వోల్టుల చిల్లర పోతుంది, స్టార్టింగ్‌లో 28. చాలా తేడా. అల్యూమినియం వైరైతే అదే సైజు రాగి కన్నా నిరోధం ఒకటిన్నర రెట్లు దాటి ఉంటుంది, కాబట్టి ఇంకా లావుది తీసుకోవాలి. వైరుకి పెట్టిన డబ్బు ఒక్కసారి పెట్టేది, రీవైండింగ్‌కి ప్రతిసారీ పెడుతున్నారు. నన్నడిగితే స్టెబిలైజర్ కొనే ముందు వైరు మార్చండి, ఎందుకంటే స్టెబిలైజర్ మీటరు దగ్గర పెడితే తీగలో నష్టం అలాగే ఉంటుంది, మోటారు దగ్గర పెడితే వోల్టేజీ పెంచడానికి ఆ సన్నని తీగలోంచే ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది.

కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయి మోటారుని ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ఉన్న స్టార్టర్ మాత్రం తప్పకుండా పెట్టించండి. మోటారు ప్లేటు మీద రాసి ఉన్న ఆంపియర్లకి దాన్ని సెట్ చేయమనండి. మాటిమాటికీ పడిపోతోందని సెట్టింగ్ పెంచేస్తారు కొందరు మెకానిక్‌లు, ఒప్పుకోకండి, అది పడిపోతేనే మోటారు బతుకుతుంది.

మీ అబ్బాయికి ఇంకొక్క మాట. టాంగ్ టెస్టర్‌తో, అంటే తీగ చుట్టూ పట్టుకుని కరెంటు చూసే మీటరుతో, 6 ఆంపియర్లు చూసి 230తో గుణించి 1380 వాట్లు అనుకోవద్దు. మోటారులో కరెంటూ వోల్టేజీ ఒకేసారి ఎక్కి దిగవు, అందుకని పవర్ ఫ్యాక్టర్‌తో కూడా గుణించాలి. అది 0.8 అయితే 1104 వాట్లు. అందులో ఒక హెచ్‌పీ, అంటే 746 వాట్లు పనిగా బయటికి వస్తుంది, మిగతాది వేడి. ఇంటి మీటరు లెక్క పెట్టేది ఆ 1104నే.

ప్రశ్న: సాకెట్టులో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూద్దామని మల్టీమీటర్‌ని ఆంప్స్‌లో పెట్టి రెండు పుల్లలూ గుచ్చాను. పెద్ద నిప్పురవ్వ వచ్చి మీటరు పోయింది. మీటరు నకిలీదా?
(బరంపురం)

జవాబు: కాదండి. సాకెట్టులో వోల్టేజీ ఉంటుంది, ఆంపియర్లు ఉండవు. ఏదైనా వస్తువు పెడితే, దాని నిరోధాన్ని బట్టి ఆంపియర్లు పుడతాయి. ఆంప్స్‌లో పెట్టిన మీటరుకి పదో వంతు ఓమ్ నిరోధం కూడా ఉండదు, 230ని 0.1తో భాగిస్తే 2300 ఆంపియర్లు! అంటే మీరు సాకెట్టుని షార్టు చేశారు. అలాగే ఓమ్‌లలో పెట్టి కరెంటు ఉన్న చోట గుచ్చకూడదు. నిరోధం చూసేది ప్లగ్గు పీకేశాకే, కరెంటు చూడాలంటే ఒక్క తీగ చుట్టూ టాంగ్ టెస్టర్ పెట్టి. మీ కళ్లకి, చేతులకి ఏం కాలేదు కదా, అదే సంతోషం.

ప్రశ్న: మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రానికి వెళ్లినప్పుడు చూశాను, అక్కడ నుంచి బయలుదేరే లైన్లు వేల వోల్టులవి. మనకి కావలసింది 230 అయినప్పుడు అంత ఎందుకు పెంచాలి, మళ్లీ ఎందుకు దించాలి?
(డిగ్రీ విద్యార్థిని, జయపురం)

జవాబు: చెల్లెమ్మా, పైన రైతుగారి వైరు లెక్కనే పెద్దది చేసి చూడు. డుడుమ జలపాతం నీళ్లతో 1955 నుంచి నడుస్తున్న కేంద్రం అది, ఆంధ్రకీ ఒడిశాకీ ఉమ్మడిది. త్రీఫేజ్ గొడవ పక్కన పెట్టి, పది లక్షల వాట్లు మాత్రమే పంపాలనుకుందాం. 230 వోల్టుల దగ్గర పంపితే 4348 ఆంపియర్లు పోవాలి. 1,32,000 వోల్టుల దగ్గర పంపితే ఏడున్నర చాలు. లైను నిరోధం మొత్తం 5 ఓమ్‌లే అనుకో. ఏడున్నర ఆంపియర్లతో వేడిగా పోయేది సుమారు 290 వాట్లు. 4348తో లెక్క కడితే తొమ్మిది కోట్ల వాట్లు దాటుతుంది, పంపాలనుకున్నదే పది లక్షలు! అంటే నష్టం ఎక్కువని కాదు, అలా పంపడం అసలు కుదరదని అర్థం.

మీ వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కూడా ఇది కనబడుతుంది. 63 కేవీఏది, అంటే 63 వేల వోల్ట్-ఆంపియర్ల సామర్థ్యం ఉన్నది అయితే, త్రీఫేజ్ లెక్కలో పై వైపు 11,000 వోల్టుల దగ్గర తీగకి 3.3 ఆంపియర్లే, కింది వైపు 415 దగ్గర 88 ఆంపియర్ల దాకా. పైన సన్నని తీగలు వచ్చి, కింద నుంచి బొటనవేలంత కేబుళ్లు దిగుతాయి. ఈసారి అటు వెళ్తే తల పైకెత్తి చూడు, దూరం నుంచే గానీ.

ప్రశ్న: సెట్ టాప్ బాక్స్ అడాప్టర్ పోయింది. దాని మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది. షాపులో 12 వోల్టులు, 2 ఆంపియర్లది ఇచ్చారు. పెడితే బాక్స్ కాలిపోతుందా?
(పర్లాకిమిడి)

జవాబు: కాలదు, ధైర్యంగా పెట్టండి. 2 ఆంపియర్లంటే అది అంతవరకు ఇవ్వగలదని మాత్రమే, బాక్స్ తనకి కావలసినంతే తీసుకుంటుంది. వోల్టేజీ మాత్రం 12 అయ్యే తీరాలి. ఆంపియర్లు పాతదాని కన్నా తక్కువ ఉన్నది, అంటే అర ఆంపియర్‌దో మరొకటో తీసుకోకండి, అది 6 వాట్లే ఇవ్వగలదు, బాక్స్ 12 వాట్ల దాకా అడగొచ్చు, అడాప్టర్ వేడెక్కిపోతుంది, బాక్స్ ఆగి ఆగి మళ్లీ మొదలవుతుంది. పిన్నులో ప్లస్ లోపలుందా బయటుందా అన్నది పాత అడాప్టర్ మీది బొమ్మతో పోల్చి చూసుకుని మరీ గుచ్చండి.